లిసాండ్రో మీద ఈగ వాలకూడదు

సాన్ పెద్రోలో సెలూన్ నడిపే డాన్ తెయోఫిలోకి, అంటే తెయోఫిలో గారికి, ఒకటే జబ్బు. బేస్‌బాల్ ఆటగాడు లిసాండ్రోని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, కత్తెర ఎక్కడుందో అక్కడే ఆపేసేవాడు. మా వాడలో సగం క్రాపు మనుషులకు కొదవుండేది కాదు.

చక్కెర మిల్లు గుమాస్తా ఒకడు గడ్డం గీయించుకుంటూ, "పంతొమ్మిదేళ్లు ఆడాడు, ఒక్క హోమ్ రన్ లేదు" అని నోరుజారాడు.

తెయోఫిలో కత్తి మడిచేశాడు. "బంతిని గోడ దాటించడానికి కండ ఉంటే చాలు. బ్యాట్‌కి అలా తాకించి, కాళ్ల ముందే పడేసి, అవతలివాడు వంగేలోగా బేస్ చేరాలంటే బుర్ర కావాలి. ఇక లే."

"ఇంకో చెంప అలాగే ఉంది కదయ్యా. సాయంత్రం నా పెళ్లి."

"అలాంటివాడివి నోరు అదుపులో పెట్టుకోవాల్సింది."

ఫొటోల్లో పెళ్లికొడుకు ఒకవైపే తిరిగి ఉంటాడు.

ఆ గుమ్మం పక్కనే ఐస్ చెక్కి షర్బతు పోసి అమ్మేవాణ్ణి కనక, లిసాండ్రో చరిత్ర నాకు కంఠతా వచ్చేసింది. నేలబారు బంతిని ఒట్టి చేత్తో ఎత్తి, నిలబడకుండానే విసిరేవాడు. అవుటవుతానని తెలిసినా ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు. ఆట మొదలైన కాసేపటికే బట్టలు మట్టిరంగుకి తిరిగేవి.

అలాంటివాడు తన ఆఖరి మ్యాచ్‌లో, ఆదివారం మధ్యాహ్నం, పసిపిల్లలు కూడా పట్టే బంతిని జారవిడిచాడు. కప్పు పోయింది. ఊరు ఊరంతా దుమ్మెత్తిపోసింది. అతను తలెత్తుకోలేక రాజధానికి వెళ్లిపోయాడు.

మర్నాడే తెయోఫిలో తలుపుకి అట్ట కట్టాడు: "లోపల లిసాండ్రో గురించి మంచే మాట్లాడవలెను." రెండు నెలలు ఒక్క తలా రాలేదు. అయినా ఖాళీ కుర్చీకి తువ్వాలు కప్పి, లిసాండ్రో ఆట గురించి గొంతెత్తి చెప్పేవాడు. మతి పోయిందనుకున్నాను.

"బంతి వదిలేసిన మాట నిజమే కదా?" అని అడిగేశాను.

నన్ను వీధిలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించాడు. "నాకు కళ్లు లేవనుకున్నావా? ఆ రోజు వాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు."

"మరి ఈ పంతం దేనికి?"

సెలూన్ పక్కగోడ చూపించాడు. పలచటి చెక్కగోడ. "అటు పక్క లిసాండ్రో వాళ్లమ్మ ఉబాల్దినా మంచం. నాలుగేళ్లుగా లేవలేదు. మనం ఇక్కడ దగ్గినా వినిపిస్తుంది. ఊరంతా ఒకటైనా సరే, నా కొట్లో మాత్రం వాణ్ణి తిట్టనివ్వను."

నేను లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నాను. గోడవైపు తిరిగి గట్టిగా అన్నాను: "ఆ రోజు ఎండ కళ్లలో కొట్టింది డాన్ తెయోఫిలో. ఎవరికైనా జారుతుంది."

గోడ అవతలి నుంచి ముసలి గొంతు వినబడింది. "ఎండ కాదు నాయనా, వాడే వదిలేశాడు. రేడియోలో విన్నాను. అయినా మీరు ఆపకండి. ఆ పరుగుల సంగతి చెప్పండి."

తెయోఫిలో నా మెడ చుట్టూ తువ్వాలు కట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఏ సంవత్సరంవి కావాలి డోన్యా ఉబాల్దినా?"