సుక్క అరవలేదు

మా అమ్మ పేరు గురమ్మ. పుట్టింది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లెలో. పెళ్ళయిన ఏడాదే మా అయ్య అప్పలరాముడి వెనక ఓడెక్కి అండమాన్ వచ్చేసింది. నేను లిటిల్ అండమాన్‌లోని హట్‌బేలో పుట్టాను. కావేరి అని పేరు పెట్టారు. అయ్య వేటకెళ్ళేవాడు, అమ్మ ఆ చేపల్ని బజారులో అమ్మేది.

అయ్యకి పెద్ద గొంతు. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు పడవ ఇంకా సరిగ్గా కనపడకుండానే ఒక కేక వేసేవాడు. అది వినగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. "మీ అయ్య ఆకలంతన్నాడు" అనేది నాతో. ఆ కేకలో ఆకలి ఆవిడకెలా వినపడేదో నాకు తెలీదు.

సునామీ రోజు పొద్దున్న భూమి కదిలింది. అందరం ఇళ్ళలోంచి బయటికొచ్చి వెనకున్న మెరక మీద నిలబడ్డాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కాసేపటికి కుదుపు ఆగింది. అయ్య లుంగీ ఎగ్గట్టుకుని, "పడవ సూసొత్తాను, మీరిక్కడే ఉండండి" అని ఒడ్డు వైపు దిగాడు. సముద్రం వెనక్కి పోయి బురద తేలిందని ఎవరో అంటున్నారు. అంతలో కింది నుంచి ఒకతను పరుగెత్తుకొస్తూ "పానీ ఆ రహా హై! భాగో!" అని హిందీలో, నీళ్ళొస్తున్నాయి పరిగెత్తండని అరిచాడు. అతనెవరో ఇప్పటికీ తెలీదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని అడవి వైపు పరిగెత్తింది. వెనక్కి చూసేసరికి మా ఇంటి రేకు నీళ్ళ మీద తిరుగుతోంది.

అయ్య దొరకలేదు. శవం కూడా దొరకలేదు.

సహాయ క్యాంపులో ఆడవాళ్ళందరూ ఏడ్చేవారు. మా అమ్మ ఏడవలేదు. ఆవిడకి కోపం వచ్చింది. "ఎవడో హిందీవోడు అరిసినాడు. ఆడి అరుపు ఇని మనం బతికినాం. మీ అయ్యకి అంత గొంతు ఉందే, ఒక్క కేక ఎయ్యలేదు సూడు" అనేది. కోపంలో అన్న మాట, నాలుగు రోజుల్లో పోతుందనుకున్నారు. పోలేదు. పెద్ద దీవికి వచ్చి ప్రోతరాపూర్‌లో చుట్టాల పక్కన రేకుల ఇల్లు వేసుకున్నాక, దినకర్మ చెయ్యమని పెద్దలు చెప్పడానికొచ్చారు. "పెళ్ళానికీ బిడ్డకీ ఓ కేక ఎయ్యనోడికి దినం ఏటి?" అని వాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది.

ఆ తర్వాత అమ్మ చేప ముట్టలేదు. బస్సు సముద్రం పక్కగా వెళితే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. దగ్గర్లోని గోల్ ఘర్ బజారులో ఒక బట్టల కొట్టు ఊడవడానికి కొన్నాళ్ళు వెళ్ళింది. ఒక వర్షాకాలం పక్కింటి కామమ్మ పిన్ని, తల్లి చచ్చిపోయిన మేకపిల్లని తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసింది.

"ఇది ఊరికే అరుస్తంది అక్కా, నాకు నిద్దర్లేదు. నువ్వు పెంచుకుంటే పెంచుకో."

అలా మొదలైంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని దానికి సుక్క అని పేరు పెట్టింది. సుక్క ఈనింది, దాని పిల్లలు ఈనాయి, ఇంటెనక పాక నిండిపోయింది. తర్వాత ఒకసారి అన్నిటికన్నా బాగున్న ఆడపిల్లకి మళ్ళీ సుక్క పేరే పెట్టింది. నేను చెప్పబోయేది ఈ రెండో సుక్క సంగతి.

"ఆవు కొనుక్కోవచ్చు కదమ్మా, పాలైనా ఉంటాయి" అన్నానొకసారి.

"ఆవు గుట్టుగా ఉంటాదమ్మీ. మేక అలక్కాదు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఊరంతా ఇనేలాగ అరుస్తాది. నాకదే నచ్చినాది" అంది.

నిజంగానే మా పాక ఒక్క క్షణం ఊరుకునేది కాదు. అమ్మ అందులో కూర్చుని ఆకులు దూస్తూ వాటితో కబుర్లాడేది. నన్ను మేకల డాక్టర్ని చెయ్యాలని ఆవిడే అనుకుంది. నేను మెయిన్‌ల్యాండ్ వెళ్ళి పశువైద్యం చదివాను. ఆ తర్వాత పరిశోధనలో చేరాను. నేను తీసుకున్నది మేకలకీ గొర్రెలకీ వచ్చే పారుడు రోగం. పుస్తకాల్లో పీపీఆర్ అంటారు. దాని వైరస్ ఒంట్లోకి దిగాక, ఆ ఒళ్ళు దాన్ని వెంటనే ఎందుకు పట్టుకోలేకపోతుందన్నదే నా పని. సెలవులకి ఇంటికొస్తే అమ్మ అడిగేది, "ఎంతవరకూ వచ్చినాది నీ పురుగు?" అని. నవ్వి ఊరుకునేదాన్ని.

సునామీ వచ్చి పదిహేనేళ్ళు దాటాక ఒక వానాకాలం. గోల్ ఘర్‌లో మాంసం కొట్టు నడిపే యర్రయ్య, మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో దిగిన మేకల్ని బండిలో తోలుకొస్తున్నాడు. మా ఇంటి దగ్గర బండి చెడిపోయింది. వాన ఆగడం లేదు. "దీదీ, బండి బాగయ్యేదాకా వీటిని నీ పాకలో కట్టుకుంటా" అంటే అమ్మ సరేనంది. అవి బాగానే ఉన్నాయి. మేత తిన్నాయి, నీళ్ళు తాగాయి. నేను చదువుతున్న ఆ రోగంతో చిక్కే అది. లోపల వైరస్ పెరుగుతున్న మొదటి రోజుల్లో పైకేమీ కనపడదు. మర్నాడు యర్రయ్య వాటిని తోలుకుపోయాడు. అతనికీ తెలీదు, అమ్మకీ తెలీదు. ఆ జబ్బు అప్పటిదాకా మా వైపు ఎవరూ చూడలేదు కాబట్టి టీకా మాట ఎవరికీ తట్టలేదు. నాక్కూడా.

వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మీ, సుక్క కళ్ళంట నీళ్ళు కారతన్నాయి. ముక్కు చీమిడి కట్టేసినాది. మేత ముట్టలేదు."

"నోరు చూశావా?"

"లోపల తవుడు అంటుకున్నట్టుంది. పొద్దుట్నించి పారతంది."

అవన్నీ పారుడు రోగం లక్షణాలే. దొరికిన విమానం పట్టుకుని వచ్చేశాను.

వచ్చేసరికి పాకలో రెండు పోయాయి. పశువుల ఆసుపత్రి డాక్టర్ అప్పటికే వచ్చి, వెంట వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకి ఇంజెక్షన్లు వేసి, సెలైన్ ఎక్కించి వెళ్ళాడు. ఆయన చేసింది సరైనదే. నేనొచ్చి చేసింది కూడా అదే. పళ్ళచిగుళ్ళు ఉప్పునీళ్ళతో కడిగాను, గంజి పట్టాను, కళ్ళు తుడిచాను. బాగున్న వాటిని వేరే కట్టించాను. ఎవరి మేకల్నీ ఇటు తోలొద్దని ఊళ్ళో చెప్పించాను.

"ఇప్పుడు అసలు మందు ఎయ్యి" అంది అమ్మ.

"లేదమ్మా. వచ్చాక దీనికి మందు లేదు. రాకముందు టీకా ఒక్కటే."

అమ్మ నా ముఖంలోకి చూసింది. "ఇన్నేళ్ళు దీన్నే కదేటి సదివినావు?"

"దీన్నే."

"మరి?"

ఆ వైరస్ ఏ కణంలో దిగుతుందో, దిగాక ఏం చేస్తుందో నేను బొమ్మ గీసి చూపించగలను. నా ఎదురుగా ఊపిరి ఎగబీలుస్తున్న మేకని మాత్రం ఆపలేను. పాక వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడు సాయంత్రానికి సుక్క పూర్తిగా పడిపోయింది. అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ పాకంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ పాక అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది అరవలేదమ్మీ" అంది అమ్మ మెల్లగా. "ముల్లు గుచ్చుకుంటే గోల సేసే మేక. లోపలంతా కుళ్ళిపోతుంటే ముందే అరవొద్దా? దాని ఒంటికి తెల్దా?"

నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ అడిగింది సరిగ్గా నేను చదివినదే.

"ఒళ్ళంటే మన పేటలాంటిదమ్మా. చిన్న చిన్న గుడిసెలు లెక్కలేనన్ని. ఒక గుడిసెలోకి దొంగ దూరితే ఆ గుడిసె కేక వేస్తుంది. అది విని పక్క గుడిసెలు తలుపులు బిగించుకుంటాయి, కర్రలు తీస్తాయి. మామూలు జబ్బుల్లో అలాగే జరుగుతుంది."

"మరి దీనికి?"

"ఈ దొంగ లోపలికి రాగానే ముందు చేసే పని ఆ గుడిసె నోరు నొక్కడం. కేక పైకి రాదు. ఎక్కడో ఒకటి అరిచినా, పక్క గుడిసె గుమ్మం దాకా వచ్చిన ఆ మాటని లోపలి మనిషికి చేరకుండా దారిలోనే పట్టేస్తుంది. ఒళ్ళు తేరుకునేసరికి దొంగలు పేటంతా నిండిపోతారు."

అమ్మ సుక్క చెవి నిమిరింది.

"అయితే కేక ఎయ్యాలనే అనుకున్నాదేటి?"

"అనుకుంది."

"ఎయ్యనియ్యలేదు."

"ఎయ్యనియ్యలేదమ్మా."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "మీ అయ్య కూడా ఏసే ఉంటాడు" అంది. "నోట్లో నీళ్ళు కొట్టేసుంటాయి. లేకపోతే ఏసినా ఆ హోరులో మనదాకా రాలేదు. నాను ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను."

నేను చెప్పింది మేక ఒంట్లో కణాల సంగతి. అయ్య అరిచాడో లేదో చెప్పగలిగినవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరు. కానీ ఆ మాట నేను పైకి అనలేదు. అమ్మ తల నా భుజం మీద వాలింది. చీకటి పడేలోపే సుక్క ప్రాణం పోయింది.

ఇంటెనక లోతుగా గొయ్యి తీయించి, సున్నం చల్లి పూడ్చాలని డాక్టర్ చెప్పాడు. తవ్వేవాళ్ళు మేకల్ని కాళ్ళు పట్టి ఈడుస్తుంటే అమ్మ ఆపింది. "అలా ఇసరకండి బాబూ." తన పాతచీర తెచ్చి సుక్కకి చుట్టింది. గొయ్యి అంచున నిలబడి నాతో అంది, "దీనికి గొయ్యైనా ఉంది. మీ అయ్యకి ఇదీ లేదు." సున్నం గాలికి లేచి కళ్ళల్లో పడుతున్నా ఆఖరి పార మట్టి పడేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

ఆ మందలో ఒకే ఒక్క మేకపోతు లేచింది. అలా బతికి బయటపడ్డదానికి మళ్ళీ ఆ రోగం రాదు. అమ్మ దాన్ని కామమ్మ పిన్నికి ఇచ్చేసింది. "దాన్ని సూత్తే మిగతావన్నీ కళ్ళల్లో తిరుగుతాయి" అంది. పశువుల ఆఫీసు వాళ్ళు టీకాలు తెప్పించారు. బాగున్న మందలకి వేస్తూ నేనూ ఊరూరూ తిరిగాను. చాలా మేకలు బతికాయి. ఆ సంగతి వచ్చి చెప్తే అమ్మ తలూపింది, అంతే.

నేను తిరిగి వెళ్ళే ముందు ఆవిడే అడిగింది, "మీ అయ్యకి దినం సేద్దాం. ఎక్కడ సెయ్యాల?" అని.

హట్‌బే దాకా వెళ్ళే ఓపిక ఆవిడకి లేదు. బస్సులో వండూర్ సముద్రపొడ్డుకి వెళ్ళాం. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఒడ్డున పంతులు చెప్పినట్టు నేను పిండం పెట్టాను. ఆకు నీళ్ళలో వదిలాక అమ్మ లేచి మోకాళ్ళ లోతు దాకా నడిచింది. నేను భయపడి కొంగు పట్టుకున్నాను.

"ఓ కావేరి అయ్యా!" అని అరిచింది.

అమ్మకి అంత గొంతు ఉందని నాకు తెలీదు. జెట్టీ దగ్గర పడవ కోసం నిలబడ్డ టూరిస్టులు ఇటు తిరిగారు. "నాకు ఇనపడలేదయ్యా! నువ్వు పిలిసినావో లేదో నాకు ఇనపడలేదు!" అని గుండెలు బాదుకుంది. క్యాంపులో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. దానితో తేలికపడిందని చెప్పడానికి లేదు. ఇన్నాళ్ళూ కోపం ఆవిడని నిలబెట్టింది. ఆ కోపం పోయాక నిలబడటానికి ఇంకేమీ మిగల్లేదు. ఇంటికొచ్చి మంచం పట్టింది. లేచాక కూడా మునుపటి మనిషి కాలేదు. అన్నం పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. నాతో వచ్చి ఉండమంటే "ఆయన ఈ నీళ్ళల్లోనే ఉన్నాడు కదమ్మీ, నానెక్కడికొత్తాను" అంటుంది.

మొన్న నా పరిశోధన ఒక పెద్ద పత్రికలో వచ్చింది. ఆ వైరస్ కణం నోరు ఎలా నొక్కుతుందో, అందులో ఒక్క చిన్న మెలిక మా గుంపు పట్టుకుంది. ఫోన్ చేసి చెప్పాను.

"దాంతో జబ్బుసేసిన మేకలు బతుకుతాయేటి?"

"ఇంకా లేదమ్మా. చాలా పని ఉంది."

"వాన వచ్చేత్తంది, బట్టలు తియ్యాల" అని ఫోన్ పెట్టేసింది.