పెళ్లిచూపుల్లో కెమెరా వాచీ

నాకు పందొమ్మిదేళ్లప్పుడు చిత్తూరులో మా ఇంట్లో పెళ్లిచూపులు జరిగాయి. పెళ్లికొడుకు చేతికి సింగపూర్ నుంచి వాళ్ల మామ తెచ్చిన ఖరీదైన వాచీ ఉంది. లెన్సులాంటి నల్లటి అద్దం, పక్కన బొత్తాంతో అచ్చం కెమెరాలా ఉండేది. అలాంటివి కొన్నే తయారుచేశారట. అందరికీ కనబడాలని ఆయన మాటిమాటికీ చెయ్యెత్తి నావైపు తిప్పుతున్నారు.

సంబంధం కుదరకముందే ఆడపిల్ల ఫోటో బయటికి పోకూడదని మా అవ్వ పట్టుదల. లేచి ఆయన ముందుకొచ్చింది.

"ఏమప్పా, అడక్కుండా మా పిల్లని ఫోటోలు తీస్తా ఉండావే?"

"కెమెరా కాదవ్వా, వాచీ."

"వాచీ అయితే టైమెంతో సెప్పు."

ఆయన చూసి, "నాలుగున్నర" అన్నారు. అప్పుడే మా గోడ గడియారం ఆరు కొట్టింది. ఆయన వాచీకి కీ ఇవ్వనే లేదట. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎలాగో పెళ్లయింది. ఇప్పటికీ రోజూ ఆ వాచీని తుడిచి చేతికి పెట్టుకుని, ఆఫీసుకు టైమెంతయిందని పొయ్యి దగ్గరున్న నన్ను అడుగుతారు.