ఏటి వైపు నోరున్న పోస్టుడబ్బా

నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చింది తొందరగా పోదు. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు మా నాయన మీద వచ్చిన కోపమైతే ఇరవై రోజులు ఉంది. ఆ ఇరవై రోజుల్లో ఆయన్ని అబద్ధాలకోరు అన్నాను. ఒకసారి కాదు. వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్ళు వినేలా అన్నాను.

సంగతి ఇది. ప్లస్ టూ అయ్యాక నేను టీచర్ ట్రైనింగ్‌కు పెట్టుకున్నాను. మాది తమిళనాడులో తెలుగు మాట్లాడే ఇల్లు; సీటు వచ్చిందని మా జిల్లా ధర్మపురి నుంచి కాగితం వచ్చింది. చేరతానని సంతకం పెట్టి గడువులోపల అందేలా పంపాలి, లేకుంటే సీటు తర్వాతి పేరుకు పోతుంది. మా ఇంటి ఆడవాళ్ళలో అంతదాకా వచ్చింది నేనొక్కదాన్నే. సరిగ్గా ఆ వారమే నాకు అమ్మవారు పోసింది. మాలో అమ్మవారు పోసిన మనిషి తలకు నీళ్ళు పోసేదాకా గడప దాటకూడదు. వేపాకు మీద పడుకునే కవరు మీద అడ్రసు రాసి, స్టాంపు అంటించి, నాయన చేతికిచ్చాను. ఆయన ఆ రోజు ఏటి అవతలి ఊళ్ళో మేకలు చూడడానికి పోతున్నాడు. పోస్టాఫీసు ఏటికి ఎదురు దిక్కున రెండు మైళ్ళు. రేవులో ఎర్ర డబ్బా ఉంది కదా, పోతూ పోతూ దాంట్లో వేస్తానన్నాడు. నేనూ సరేనన్నాను.

గడువు దాటింది. ఒంటి మీద మచ్చలు ఆరకముందే బస్సెక్కి ధర్మపురి పోయి అడిగితే, నీ కాగితం మాకు రాలేదు, సీటు ఇంకొకరికి ఇచ్చేశాం అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా పళ్ళు కొరుకుతూనే వచ్చాను. నాయన పశువులకు మేత వేస్తున్నాడు. కాగితం వేశావా లేదా అని అడిగాను.

"రేవులో వేసినాను అమ్మణ్ణీ. మునియప్ప గుర్రాలు కనపడతాయే, ఆ తావు. ఎర్ర పెట్టి. నోరు ఏటి పక్క ఉండాది."

పూర్తిగా వినే ఓపిక నాకెక్కడిది. మరునాడు పొద్దున్నే రేవుకు పోయాను. రాతిమెట్లు ఉన్నాయి. పుట్టి నడిపే ఆయన కూర్చునే తాటాకు పాక ఉంది. ఆయన లేడు, పుట్టీ లేదు, అవతలి ఒడ్డుకు పోయి ఉంటాడనుకున్నాను. చిన్నప్పటి నుంచి పోస్టుడబ్బా ఉండిన చోట మాత్రం ఒక ఇనుప కంబం, దానికి తుప్పు పట్టిన రెండు మరలు. డబ్బా లేదు. అట్నుంచి అటే పోస్టాఫీసుకు పోయి పోస్టుమాన్‌ను అడిగాను. ఆయన సైకిల్ తుడుచుకుంటూ, తల కూడా ఎత్తకుండా, కిందటేడు ఏరు వచ్చినప్పుడు ఆ డబ్బా కొట్టుకుపోయింది, పోయిందని పైకి రాసి పంపించాను, ఇప్పుడక్కడ డబ్బా లేదు అని చెప్పాడు.

ఇంక నా నోటికి అడ్డమేముంది. లేని డబ్బాలో కాగితం ఎలా వేశావని నాయనను నిలదీశాను. పుట్టిలో పోతూ నీళ్ళల్లో జారవిడిచి, ఒప్పుకునే ధైర్యం లేక కథలు చెబుతున్నావన్నాను. ఆయన మళ్ళీ అవే మూడు గుర్తులు చెప్పాడు. రేవు, గుర్రాలు, ఏటి వైపు నోరు. మూడోసారి అడిగేసరికి అవి కూడా మానేసి, "చెప్పేది చెప్పినాను" అని ఊరుకున్నాడు. మా అమ్మ కూడా నా పక్కే. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లోకి వచ్చి తినలేదు. గిన్నె బయటికి తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని, వీధి వైపు తిరిగి తినేవాడు. అది చూస్తే నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. తప్పు చేసినవాడు మొహం ఎలా చూపిస్తాడులే అనుకున్నాను.

ఇరవయ్యో రోజు అవతలి ఊళ్ళో ఉన్న మా అత్తను చూడడానికి ఏరు దాటాల్సి వచ్చింది. మెట్ల మీద గంటసేపు కూర్చున్నా పుట్టి రాలేదు. గడ్డి కోసుకుంటున్న ఒకామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, రేవు ఇక్కడెక్కడుంది, కిందటేడు నీళ్ళు ఎక్కినప్పుడే పైకి పోయింది, తగ్గినా మళ్ళీ ఇక్కడికి రాలేదు కదా అంది.

నా మొహాన ఎవరో కొట్టినట్టయింది. మా దగ్గర కావేరి ఒకచోట ఉండే ఏరు కాదు. కింద మేట్టూరు ఆనకట్టలో నీళ్ళు నిండితే ఇక్కడ ఒడ్డు పొలాల్లోకి వస్తుంది, తగ్గితే మైలు దూరం వెనక్కి పోతుంది. దాంతోపాటే రేవూ పోతుంది. రాతిమెట్లు ఉన్న చోటు రేవు కాదు, ఆ రోజు పుట్టి ఎక్కడ ఒడ్డు తగిలితే అది రేవు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతి ఇది. ధర్మపురి హాస్టల్లో అయిదేళ్ళుండి, ఉన్న చోటే ఉండే బస్టాండు చూసి చూసి, నేను మరిచిపోయాను. మరిచిపోయిన దాన్ని నేను, అబద్ధాలకోరు ఆయన.

అత్త సంగతి వదిలేసి ఒడ్డు వెంబడి పైకి నడిచాను. నీళ్ళు తీసిన చోట బురద ఎండి పెచ్చులు లేచింది. పల్లేరుకాయలు చెప్పుల్లోంచి గుచ్చుకున్నాయి. గుచ్చుకున్నప్పుడల్లా పోస్టుమాన్‌ను తిట్టుకున్నాను, ఎందుకంటే నన్ను తిట్టుకోవడానికి ఇంకా మనసొప్పలేదు. తుమ్మచెట్ల మీదుగా ముందు రెండు తెల్లటి తలలు కనిపించాయి. మునియప్ప గుడి ముందు ఉండే సున్నం కొట్టిన మట్టి గుర్రాలు. వాటి కిందుగా, నీళ్ళ అంచున పుట్టి బోర్లా ఆరుతోంది. నాయన చెప్పిన మొదటి రెండు గుర్తులూ సరిపోయాయి.

డబ్బా మాత్రం కనపడలేదు. కాలిబాట పక్కన వెతికాను, చెట్లకు వెతికాను, గుర్రాల కాళ్ళ మధ్య కూడా వెతికాను. అప్పుడు మూడోది గుర్తొచ్చింది. నీళ్ళ దాకా దిగి వెనక్కి తిరిగాను. గుడి వెనక గోడకు, పుట్టి దిగి వచ్చేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ కనపడని వైపున, కంబితో కట్టి ఉంది. ఎర్ర డబ్బా. నోరు ఏటి వైపు. దాని మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన పూలదండ.

పుట్టి నడిపే ఆయన చెట్టు కింద పడుకుని ఉన్నాడు. మాకు వరసకు మామ అవుతాడు. లేపి అడిగితే తాపీగా చెప్పుకొచ్చాడు. నీళ్ళు ఎక్కుతుంటే సర్కారు సొత్తు మునిగిపోతుందని తానే మరలు విప్పి నెత్తిన పెట్టుకుని తెచ్చాడట. పోస్టుమాన్ ఎలాగూ రేవుకు వస్తాడు కదా అని ఇక్కడ కట్టాడట. పోస్టుమాన్ పాత మెట్ల దాకా వచ్చి, కంబం చూసి, వెనక్కి పోయాడన్నమాట. అరమైలు నడిస్తే కాళ్ళు అరిగిపోతాయి మరి. ఈలోగా జనం దాన్ని మునియప్ప డబ్బా చేసుకున్నారు. మా వైపు కష్టమొస్తే చీటీ రాసి మునియప్ప శూలానికి కడతారు. వానకు తడవకుండా ఉంటుందని శూలానికి కట్టే చీటీలు దీంట్లో వేయడం మొదలుపెట్టారు. సంవత్సరంగా దేవుడి చీటీలూ మనుషుల ఉత్తరాలూ అన్నీ అందులోనే పడుతున్నాయి.

తెరువు మామా అన్నాను. సామి సొత్తు, చెయ్యి పెట్టకూడదు అన్నాడు. సామికి నా సీటెందుకు అని ఒక రాయి తీసుకుని తాళం మీద కొట్టాను. నాలుగో దెబ్బకు ఊడింది. ఆయన లెంపలు వేసుకున్నాడు.

నా కవరు పై వరసలోనే కనిపించింది. మూలలకు చెద కూడా పట్టలేదు. దాని మీద, ఆ తర్వాత వేసినట్టుగా, ఒక పోస్టుకార్డు. అడ్రసు చోట తమిళంలో ధర్మపురి, టీచర్ ట్రైనింగ్ బడి పెద్దయ్యగారికి అని ఉంది. పెద్ద పెద్ద వంకర అక్షరాలు. ఇటు తిప్పాను. అక్షరాలు తమిళమే, మాట మాత్రం మా ఇంటి తెలుగు. మా వాళ్ళకు ఎవరికీ తెలుగు రాయడం రాదు, నాకూ అప్పటికి రాదు. రెండు క్లాసులు చదివిన నాయనకు మనసులోది రాయాలంటే ఇదొకటే దారి. ధర్మపురిలో ఏ పెద్దయ్యకూ అది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ సంగతి కూడా ఆయనకు తోచలేదు.

"సామీ, మా అమ్మణ్ణి కాగితం గడువులోనే వేసినాను. మీకు రాకుంటే తప్పు నాది, బిడ్డది కాదు. దానికి అమ్మవారు పోసి పడుకోనుండె. సీటు ఇంకొకరికి ఇచ్చుంటే సరే. నేను వేసినానని మాత్రం ఒక మాట రాయండి. ఇంట్లో నమ్మలేదు."

నేను వాకిట్లో అరిచిన తర్వాత రాసిన కార్డు అది. నేను లేదన్న డబ్బా దగ్గరికే ఆయన మళ్ళీ నడిచి వచ్చి, తన మాటకు తానే సాక్ష్యం వేసి పోయాడు. అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను. ఏడుపులో సగం సిగ్గు, సగం కోపమే. నన్ను చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చి చూపించి ఉండొచ్చు కదా. అబద్ధాలకోరు అన్న కూతురి చెయ్యి ఏ తండ్రి పట్టుకుంటాడు.

స్టాంపులున్న ఉత్తరాలు ఏరి పోస్టాఫీసులో పోస్టుమాన్ ముందు కుప్ప పోశాను. డబ్బా పోయినట్టు రాసేశాక అందులో ఉత్తరాలు తీసుకోవడానికి రూలు లేదన్నాడు. నేనన్న మాటలు ఇక్కడ రాయను. తీసుకున్నాడు. సీటు మాత్రం రాలేదు, మరుసటి ఏడు కూడా రాలేదు. ఆ కోపం ఈ రోజుకీ ఉంది. ఎవరి మీద అని అడిగితే పోస్టుమాన్ పేరు ముందు చెబుతాను, తర్వాత నా పేరు.

ఆ సాయంత్రం నాయన అరుగు మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. పక్కన కూర్చున్నాను. మా ఇంట్లో క్షమించు అనే మాట ఎవరూ ఎవరితోనూ అని ఎరగరు.

"పెట్టి చూసినాను నాయనా. నోరు ఏటి పక్కే ఉండాది" అన్నాను. పోస్టుకార్డు ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. కార్డు ధర్మపురికి పోలేదని ఆయనకు అర్థమైంది.

"నువ్వు చదివినావా?" అన్నాడు.

చదివానని తల ఊపాను.

"అట్లైతే ఇంక పంపే పనిలేదు" అని కార్డు జేబులో పెట్టుకుని, గిన్నె తీసుకుని, అన్నానికి ఇంట్లోకి వచ్చాడు.