మొక్కు జుట్టుకి పెట్టిన కత్తెర

రా తల్లీ, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చో. గట్టిగా చెప్పుకునే మాట కాదిది. పద్దెనిమిదేళ్లుగా లోపల మోస్తున్నాను. పోయిన వారం నుంచి మాత్రం మోయలేకపోతున్నాను.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కానీ ఏ హీరోయిన్‌కి ఏ సీన్‌లో పాపిడి ఎటు తీశానో ఇప్పటికీ చెప్పగలను. స్టూడియోలో ముప్పై ఏళ్లు హెయిర్‌డ్రెస్సర్‌గా చేశాను. అలాంటిదాన్ని, పామర్రు దగ్గర అవుట్‌డోర్‌కి బయలుదేరుతూ హీరోయిన్ సవరం సామాన్లో పెట్టుకోవడం మరిచిపోయాను. స్టూడియోలో తీసిన సీన్లలో మోకాళ్ల దాకా ఉన్న జడ ఇక్కడ నడుము దగ్గర ఆగిపోతే తెర మీద కనిపించదూ? డైరెక్టర్‌కి తెలిస్తే ఆ పూటే పంపించేసేవాడు.

హీరోయిన్‌ని వెనక నుంచి చూపించే షాట్ల కోసం ఆ ఊరి కోడలు నాగమణిని డూప్‌గా పెట్టుకున్నారు. ఎంత జుట్టో ఆమెకి! నాలుగేళ్లు వచ్చినా కూతురికి మాటలు రాలేదని, వస్తే తలనీలాలిస్తానని కొండకి మొక్కుకుంది. మొక్కిన జుట్టుకి అప్పటిదాకా కత్తెర తగలకూడదు. నా చేత నూనె రాయించుకుంటూ తనే చెప్పింది. చెప్పి, మధ్యాహ్నపు ఎండకి కునుకు తీసింది.

పై పొర ఎత్తి, మెడ దగ్గర కింది పాయలు కత్తిరించాను. పైనుంచి కప్పేసి ముడి వేశాను. ఆ పాయలతో హీరోయిన్‌కి సవరం కట్టాను. షాట్ బాగా వచ్చిందన్నారు.

సాయంత్రం ఇంట్లో ఆ ముడి విప్పింది ఆడపడుచు సరోజ. మొగుడితో పడక పుట్టింట్లోనే ఉండేది. రోజూ వదిన తల దువ్వేది తనే. జుట్టు తెగి ఉందని చూపించిందీ తనే. మర్నాడు నాగమణి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, కోప్పడకు. నువ్వేమైనా కత్తిరించావా?"

"మొక్కు జుట్టని తెలిసీ కత్తెర పెడతానటే? నీ తల మీద చెయ్యేసేదెవరో ఇంట్లో అడుగు."

"సరోజ తప్ప ఎవరున్నారక్కా?"

"మరి చూసుకో."

ఎందుకన్నాను ఆ మాట? కత్తిరించింది పని పోతుందన్న భయంతో అనుకుందాం. మరి ఇది? నోరు మూసుకుంటే సరిపోయేది కదా? ఏమో. ఆ రాత్రే బండెక్కి వెళ్లిపోయాను, వాళ్లూ వాళ్లూ సర్దుకుంటారులే అనుకుంటూ.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర పెళ్లిళ్లకి పూలజడలు కడుతున్నాను. పోయిన వారం నాగమణి పెళ్లి జడకని కూతుర్ని తీసుకొచ్చింది. గలగలా మాట్లాడుతోంది ఆ పిల్ల. పెళ్లికి మేనత్త హడావిడంతా ఉంటుందిగా అని, మాటవరసకి అన్నాను. నాగమణి మామూలుగానే చెప్పింది. సరోజని అప్పుడే, ఆ జుట్టు గొడవలోనే ఇంట్లోంచి పంపేశారట. చల్లపల్లిలో జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కతే బతికిందట. ఆ జుట్టు తను కత్తిరించలేదని ప్రతి పండక్కీ కబురు పంపేదట. పోయిన నెల చనిపోయిందట. చూడ్డానికైనా వెళ్లలేదట వీళ్లు.

ఏ సరోజ అని అడిగాను. రెండుసార్లు అడిగాను. నాకు తెలియదా ఏ సరోజో?

తర్వాత పిల్ల తల కొలత తీసుకున్నాను. చేతులు వాటి పని అవి చేశాయి. రేపు జడ కోసం వస్తారు. అప్పుడు చెబుతానని నీ ముందు ఒట్టు పెట్టలేను.

కత్తిరించింది నేను. సరోజ కాదు. ఈ మాట నోటితో అనడం ఇదే మొదలు. అనగానే ఊపిరి కాస్త ఆడింది. అదీ సిగ్గుగానే ఉంది.

ఇంతసేపు విన్నావు. నీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. నీ గడపలో ఎవరి మీదా చెయ్యని తప్పు పడకూడదు.