పాకం కోట

ఏ చోటునూ అసలు పేరుతో పిలిచే అలవాటు మా ఆయనకు లేదు. ఒమన్‌లో పనిచేసినన్నాళ్లూ ఆయన నోట ఒక్క ఊరి పేరు సరిగా విన్నది లేదు. గాలి బాగా కొట్టే చోటు ‘గాలి సైటు’, మేకలు తిరిగే చోటు ‘మేకల సైటు’. ఆయన ఒక్కడే కాదు, రూమ్‌లో వాళ్లందరిదీ అదే వరస. అరబ్బీ పేర్లకు నోరు తిరగక కాదు. పని కాగానే కంపెనీ బస్సెక్కించి ఇంకో చోట దింపుతుంది, ఈ మాత్రం దానికి పేరు నేర్చుకోవడం దేనికని. ఆయన పోయాక ఆ అలవాటే నన్ను ఆ దేశంలో కోటల చుట్టూ తిప్పింది.

మాది జగిత్యాల వైపు పల్లె. నేను చిన్నపిల్లల బడిలో టీచర్‌ని. ఆయన గార మేస్త్రి. చాలా ఏళ్లు బిల్డింగులకు సిమెంటు పూశాక, ఆఖర్న పాత కోటలు బాగుచేసే పనిలో పడ్డాడు. మట్టి, గడ్డి, సున్నం కలిపి గోడలకు పూయడం. “ఈడ తాపీ ఒప్పుకోరు. చేత్తోనే రుద్దాలె. గోడ పాతకాలపు దాని లెక్కనే కనబడాలె” అని ఫోన్లో చెప్పి మురిసిపోయేవాడు. సెలవుకొచ్చినప్పుడు మన వంటింటి గోడకు కాస్త సున్నం కొట్టమంటే నడుం పట్టేసిందనే మనిషి, ఎప్పుడో చచ్చిపోయిన రాజు కోటను అరచేత్తో నిమురుతున్నానని చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. ఆ మాట అనేదాన్ని కూడా. పకపకా నవ్వేవాడు.

ఆయన కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉండేది. చిన్నతనంలో గడ్డి కోసే మిషన్లో పోయింది. పెళ్లిచూపుల నాడు మా మేనత్త అందరి ముందే “ఉంగరం యాడ పెడ్తవే పిల్లా?” అని నవ్వింది. పెళ్లిలో నేను మధ్యవేలికి పెట్టాను, గొడవ తీరింది. తడి గార మీద ఆ చెయ్యి లాగితే మూడు వేళ్ల గీతలు పడి, మధ్యలో ఒక వేలి జాగా ఖాళీగా ఉండేదట. “కోట గోడ మీద నా సంతకం పడ్డదే” అన్నాడు ఒకరోజు.

ఆ కోట పేరే పాకం కోట. అంటే ఆయన పెట్టిన పేరు. లోపల ఒక గది ఉంటుందట. నేలంతా కాలువలు కాలువలుగా గాడులు. వాటి మీద ఖర్జూరం బస్తాలు ఒకదానిపై ఒకటి పేర్చేవారు. కింది పండ్లు పై బరువుకు నలిగి పాకం కారేది, అది గాడుల వెంట పారి మూలన పాతిన కుండలోకి దిగేది. పిల్లలు తినడానికి అదే, శత్రువు తలుపు దాకా వస్తే మరగబెట్టి పైనుంచి నెత్తిన పోయడానికీ అదే. “మా అమ్మ అయితే పోయనియ్యదు, ఖరాబు చేస్తరా అని అరుస్తది” అన్నాడు. ఆ గది బయటి గోడ, నేలకు దగ్గరగా ఉన్న భాగమంతా తన చేతి పనేనని చెప్పాడు. ఫోటో పంపాడు. అందులో కోట లేదు. గోడ ముక్కా, దాని మీద ఆయన నీడా ఉన్నాయి.

తర్వాత కొన్నాళ్లకే రూమ్‌లో పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండె ఆగిందన్నారు. బాడీ రావడానికి చాలా రోజులు పట్టింది. మా వైపు ఊళ్లలో ఇది ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. హైదరాబాద్ నుంచి అంబులెన్సు వస్తుంది, పెట్టె దింపుతారు, మూత విప్పి ముఖం చూపిస్తారు, వెంటనే ఎత్తేస్తారు. మెడ కింది నుంచి అంతా గుడ్డ చుట్టేసి ఉంది. ఒక్కసారి ఆయన చెయ్యి బయటికి తీయండి, పట్టుకుంటాను అన్నాను. మా పెదమామ నా భుజం పట్టి వెనక్కి జరిపాడు. “మొఖం చూసినవ్ కద బిడ్డా, ఇగ చాలు. ఎక్కువసేపు ఉంచేటట్టు లేదు” అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. అయినా ఆ రోజు పెదమామ మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

అందరూ నన్ను ఏడవమన్నారు, తర్వాత ఏడవొద్దన్నారు. నాకు మాత్రం ఒకటే బాధ. ఆ చెయ్యి పట్టుకోకుండా పంపించాను. ఇంట్లో ఆయన చొక్కాలున్నాయి, చెప్పులున్నాయి. వాటిలో చెయ్యి లేదు. చెయ్యి ఉన్నది ఒక్కచోటే, ఆ గోడ మీద.

మా తమ్ముడూ ఒమన్‌లోనే, అల్ ఖౌద్‌లో ఉంటాడు. బిల్డింగ్ సామాను షాపులో డ్యూటీ, పికప్ తోలి సామాను వేసొస్తాడు. కుటుంబం కూడా అక్కడే. దసరా సెలవులకు నన్ను విజిట్ వీసా మీద రమ్మన్నాడు. నాకూ బతుకమ్మ ఆడే రోజుల్లో ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. పక్కింటివాళ్లు పిలవాలా వద్దా అని నా ముఖం చూడటం కంటే విమానం ఎక్కడం నయమనిపించింది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్లేలోపే వాడికి సంగతి చెప్పాను.

“కోట పేరన్నా చెప్పిండా బావ?”

“పాకం కోట.”

“అట్లాంటి పేరు ఈడ యాడుంటదక్కా!” అని వాడు తల పట్టుకున్నాడు. బావ కంపెనీ మూతపడింది, రూమ్‌లో వాళ్లు తలో దిక్కు వెళ్లిపోయారు. పాకం కారే గది ఉన్న కోట ఏదని షాపులో అడిగితే ఎవరో నిజ్వా అన్నారట. వాడికి సెలవు శుక్రవారమే. ఆ శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం.

నిజ్వా కోటలో ఆ గది కనబడగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఆయన చెప్పినట్టే నేలంతా గాడులు, మూలన కుండ. బయటికొచ్చి గోడలు వెతికాను. మెట్ల పక్కన గార మీద వేళ్లు లాగిన గీతలు కనిపించాయి. అరచెయ్యి ఆనించి అక్కడే కూలబడి ఏడ్చాను. ఇన్నాళ్లూ ఊళ్లో ఏడవని ఏడుపంతా వచ్చింది. తమ్ముడు అటు తిరిగి నిలబడ్డాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన భార్యాభర్తలు అటుగా పోతూ ఆగారు. ఆవిడ తన చేతిరుమాలు నా ఒళ్లో పెట్టి పక్కన కూర్చుంది. కాసేపటికి, వాళ్ల ఊరి చుట్టూ ద్రాక్షతోటలని, మధ్యమధ్యలో కోటలని, వాటి నేలమాళిగల్లో ద్రాక్షసారా పీపాలుంటాయని, ఇక్కడి ఖర్జూరం గది చూస్తే ఇల్లు గుర్తొచ్చిందని చెప్పింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఇది నా భర్త చెయ్యి అని చెప్పాను. ఆవిడ వంగి చూసింది. నేనూ అప్పుడే సరిగ్గా చూశాను.

నాలుగు గీతలున్నాయి. నాలుగు వేళ్లూ నిక్షేపంగా ఉన్న ఎవడిదో చెయ్యి అది.

సిగ్గుతో నాకే నవ్వొచ్చింది. ఎవరి మొగుడి గోడ పట్టుకుని ఏడ్చానో! ఎవరైతేనేం, ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకుని లేచాను. ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు. రుమాలు తిరిగి ఇస్తే తీసుకోలేదు.

అక్కడి నుంచి జబ్రీన్ కోటకు వెళ్లాం. అక్కడా పాకం గది ఉంది. ఇలాంటి గది ఇంకా ఏ కోటల్లో ఉందని తమ్ముడు అక్కడి మనిషిని అడిగాడు. అతను నవ్వి, అది లేని కోట ఒమన్‌లో ఎక్కడుందో చెప్పమన్నాడు. నేను నీడలో ఒక మెట్టు మీద కూర్చుండిపోయాను. పక్కనే ఒక సమాధి. కోట కట్టించినాయనదేనట. కట్టినవాడు కట్టినచోటే పడుకున్నాడు. గోడలు నిలబెట్టిన మా మనిషి ఎక్కడో రేకుల రూమ్‌లో మూడంతస్తుల మంచం మీద పోయి, పెట్టెలో ఇల్లు చేరాడు. ఆ రాజు మీద నాకేం పగ లేదు. అయినా ఆ పూట అతన్ని తిట్టుకున్నాను.

ఆ వారం మధ్యలో తమ్ముడు సమాయిల్‌కు పైపులు వేసుకుపోతుంటే నేనూ పికప్ ఎక్కాను. ఇంట్లో కూర్చుంటే గోడలే కనబడుతున్నాయి. సమాయిల్‌లో కరక్ చాయ్ తాగుతుంటే పక్కన ఒక పెద్దాయన, బట్టల నిండా మట్టి, మా మాట విని “ఏ ఊరు?” అన్నాడు. తానూ మేస్త్రే, నిజామాబాద్ వైపువాడు. తమ్ముడు మొత్తం చెప్పుకొచ్చాడు. పెద్దాయన పాకం మాట పట్టించుకోలేదు, వేలి మాట దగ్గర ఆగాడు.

“సగం ఏలు మేస్త్రా? జగిత్యాల్ దిక్కాయన?”

నేను తలూపాను.

“ఒక సీజన్ ఆయనతోని చేసిన చెల్లే. ఈ తోటలు దాటినంక చిన్న కోట. దాని పని మీదనే ఉన్నం ఇప్పుడు మేము.” గ్లాసు కింద పెట్టాడు. “గోడ పగుళ్లు పట్టింది. మీదికెళ్లి కొత్త గార గిలాబు కొడ్తున్నం. పైనుంచి కిందికి వస్తున్నం.”

పని జరిగే రోజుల్లో బయటివాళ్లను సైట్‌లోకి రానివ్వరు. శుక్రవారం అయితే కాపలా మనిషి ఒక్కడే ఉంటాడు, తాను చెప్పి లోపలికి తీసుకెళ్తానన్నాడు. శనివారం నా విమానం. ఆ నడుమ రోజుల్లో నాకు అన్నం సహించలేదు. ప్రతి సాయంత్రం ఆ మేస్త్రి మా తమ్ముడికి ఫోన్ చేసి “ఇంక ఉన్నదని చెల్లెకు చెప్పు” అనేవాడు. గోడ మీద కొత్త గార ఎంత కిందికి దిగిందో మాత్రం నేను అడగలేదు. భయం వేసింది.

శుక్రవారం వెళ్లేసరికి మేస్త్రి గేటు దగ్గర ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. ఖర్జూరపు తోటల మధ్య, పక్కన కాలువ, పేరు బోర్డు కూడా లేని చిన్న కోట. లోపలికి అడుగు పెట్టగానే తడి మట్టీ గడ్డీ కలిసిన వాసన. సెలవుకొచ్చి మా ఆయన సూట్‌కేసు తెరిస్తే బట్టల్లోంచి వచ్చే వాసన అదే. అప్పుడు ముక్కు మూసుకునేదాన్ని.

పాకం గది బయటి గోడకు కర్రలు కట్టి ఉన్నాయి. పైనుంచి నడుమెత్తు దాకా కొత్త గార. దాని కింద పాత గోడ, అడ్డంగా నిలువుగా ఇనుప పళ్లతో గీరేసి ఉంది. కొత్తది పట్టు దొరకాలంటే అలా గీరాలట. నేల మీద చతికిలబడి వెతికాను. మూలకు దగ్గరగా, గీరుడు సరిగా తగలని చోట, వేళ్లు లాగిన గీతలు. పక్కపక్కన రెండు, ఒక ఖాళీ, మళ్లీ ఒకటి.

నా వేళ్లు వాటిలో పెట్టాను. మూడు వేళ్లకు దారి దొరికింది. ఉంగరపు వేలు మాత్రం గట్టి గోడకు తగిలి ఆగింది. అరచెయ్యి పూర్తిగా ఆనించాను. ఎండ పడి గోడ వెచ్చగా ఉంది. నిజ్వాలో ఏడ్చినంత ఏడుపు రాలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఎవరూ భుజం పట్టి జరపలేదు.

చివరికి మేస్త్రి నెమ్మదిగా అన్నాడు. “ఈ ముక్క తవ్వి ఇయ్యమంటవా చెల్లే? గుడ్డల చుట్టి జాగ్రత్తగ కడ్త. తీస్కపో.”

తమ్ముడు నా వైపు ఆశగా చూశాడు. నాకు ఆ గుడ్డ, ఆ పెట్టె కళ్లముందు కదిలాయి.

“వద్దన్నా. ఒకసారి చుట్టి పంపిండ్రు. మల్ల వద్దు” అన్నాను. “దీన్ని గొట్టి పడేస్తరా?”

“పడెయ్యం. పాతది తియ్యరు. దాని మీదనే కొత్తది వస్తది. ఇది లోపల అట్లనే ఉంటది.”

“అయితే రేపు ఈ జాగల నువ్వే కొట్టన్నా. చేత్తోని రుద్దు.”

“చేత్తోనే చెల్లే” అన్నాడాయన. “ఈడ తాపీ ఒప్పుకోరు.”

పెట్టె దగ్గర నన్ను పట్టుకోనివ్వలేదు. ఇక్కడ పట్టుకున్నాను. నా అంతట నేనే వదిలాను.