పిన్ని గోడ మీద స్విచ్

మా పిన్ని కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తుంది. లోపలికొచ్చే చేపల పెట్టెల తూకం సరిచూసి చీటీలు అంటించడం ఆమె పని. నడివేసవిలో కూడా ఉన్ని టోపీ, జతమీద జత మేజోళ్ళు, మోకాళ్ళు దాటే కోటు. సాయంత్రం ఆ తలుపు తోసుకుని బయటికొస్తే కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మి కాసేపు దారి కనపడదు. ఇంట్లో అందరం ఆమెను ఐసు పిన్ని అంటాం.

పేరుకే ఐసు. ఇంటికొస్తే కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. వయసు మార్పు వల్ల ఏడాదిగా ఒంట్లోంచి ఆవిర్లు. అద్దింట్లో కూలరు పెడితే గోడ చెమ్మెక్కుతుందని ఓనరమ్మ సణుగుడు. ఫ్యాను కాస్త పెంచితే బాబాయి దుప్పటి ముసుగు. పని దగ్గర చలి ఎంతుండాలో సూపర్‌వైజరు చెబుతాడు.

"నా చలీ, నా ఉక్కా ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలోనేనే. నాదీ అని ఒక్క స్విచ్ ఉండాలి, నేను పోయేలోపు," అనేది.

అందుకే ఫ్లాటు కొంటానంది. బాబాయితో పాటు, ఫిజిక్స్ చదివానని నన్నూ వెంటబెట్టుకుంది. వదిలి రావడానికి మనసొప్పక నా చంటిదాన్ని చంకనేసుకున్నాను. దాని స్నానం నీళ్ళ థర్మామీటరు ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. అది నా జబ్బు.

మొదటి ఫ్లాటు చూడగానే పిన్ని మొహం విప్పారింది. రెండు వైపులా కిటికీలు. ప్రతి గదిలోనూ నేలమీద చతికిలబడి చూసింది. హాలు గోడకు గుండ్రటి మీట కనిపించింది.

"అమ్మాయ్, ఇదేనే!" అని చల్లదనం వైపు చివరికంటా తిప్పింది.

ఆ వారం ఎండలు ముందే ముదిరాయి. పైనున్న జాలీలోంచి గాలైతే వచ్చింది, గోరువెచ్చగా. థర్మామీటరు పెట్టి చూశాను. గదికన్నా ఆ గాలే వేడిగా ఉంది.

"మిషను పాడైందా?" అని అడిగింది పిన్ని.

"అయ్యో, లేదమ్మా. బ్రహ్మాండంగా ఉంది. ఇంకా సీజను మార్చలేదంతే," అన్నాడు బ్రోకరు.

పిన్ని నా వంక చూసింది. నాకు అనుమానం మొదలైంది. మిషను ఉన్నచోటు చూపించమన్నాను. కింద సెల్లారులో ఒక పక్క నీళ్ళు కాచే యంత్రం, ఇంకో పక్క చల్లబరిచేది. రెంటినుంచీ వచ్చి కలిసి, పైకి వెళ్ళేది మాత్రం ఒకటే గొట్టం. పక్కనే కిందికి దిగేది ఇంకొకటి.

"బిల్డింగంతటికీ ఇదే, పిన్నీ. చలికాలం వేణ్ణీళ్ళు పంపుతారు, ఎండాకాలం చన్నీళ్ళు. నీ ఫ్లాటులో ఉన్నది గాలి ఊదే ఫ్యాను మాత్రమే. గొట్టంలో వేణ్ణీళ్ళు ఉన్నంతకాలం ఆ మీట ఎటు తిప్పినా చల్లగాలి రాదు," అన్నాను.

"వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు. ఇవేంటే, పడని తోడికోడళ్ళలా, ఒకటుంటే ఇంకోటి గడప తొక్కదా?"

"మీటింగు పెడతారమ్మా," అన్నాడు బ్రోకరు. "ఎక్కువమంది చేతులెత్తితే మార్చేస్తారు. మళ్ళీ చలి వచ్చేదాకా వెనక్కి తిప్పరు. నలుగురితో నారాయణ! రిపేర్లు కూడా వాళ్ళవే, మీకే తలనొప్పీ లేదు."

"అంటే నాకు చెమట పట్టిందో లేదో ఓట్లేసి తేలుస్తారా?"

బ్రోకరు నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

నిజానికి నాకు ఆ ఫ్లాటే నచ్చింది. చప్పుడు లేదు, చెడిపోతే చూసేవాళ్ళున్నారు. "ఏడాదికి కొన్ని వారాలేగా, ఓర్చుకుంటే..." అన్నాను.

"ఓర్చుకోడానికైతే కొనడమెందుకే? అద్దిల్లు ఉందిగా."

రెండోది చిన్నది. పడమటి ముఖం. వంటగదిలో ఒకరు వెనక్కి తిరగాలంటే ఇంకొకరు బయటికి రావాలి. కానీ మిషను సొంతం. బాల్కనీలో దాని పెట్టె డొక్కు బస్సులా దడదడలాడుతోంది. ముందు చల్లదనం, తర్వాత వేడి పెట్టించి చూశాను. రెండూ వచ్చాయి. ఎండాకాలం ఇంట్లోని వేడిని బయటికి తోస్తుంది, చలికాలం అదే పనిని తిరగేసి చేస్తుంది. పాతది, ఎప్పుడైనా మొరాయించవచ్చు, ఖర్చంతా నీదే, పడమటెండకు దానికి ఊపిరాడదు అని నాకు తోచిన భయాలన్నీ ఏకరువు పెట్టాను.

బాబాయి అందుకున్నాడు. "విన్నావా? ఆ పెద్ద ఫ్లాటులో కిటికీల గాలి చూశావు కదా, ఎంత హాయి!"

"మీకెందుకండీ గాలి? దుప్పట్లోకి రానిస్తారా దాన్ని?"

పిన్ని రిమోటు బొటనవేలితో నొక్కి చూస్తోంది. కాస్త చల్లన, ఇంకాస్త చల్లన, మళ్ళీ వెనక్కి. నొక్కిన ప్రతిసారీ అది కిచ్‌మని పలుకుతోంది. "ఇదే తీసుకుందాం," అంది.

ఆ ఇంట్లో చేరాక పిన్ని కుదురుకుంటుందనుకున్నాను. లేదు. ఇరవై నాలుగంటుంది, ఇరవై రెండంటుంది, ఆపుతుంది, పెడుతుంది. ఆమె సెలవు రోజుల్లో చంటిదాన్ని అక్కడ వదిలి పనికెళ్ళేదాన్ని. గంట గడవకుండా ఫోను. "ఎంత మీద పెట్టావు పిన్నీ? దాని పాదాలు చల్లబడ్డాయా?"

"పాదాలు పాదాల్లా ఉన్నాయి. పెట్టేయ్ ఫోను."

ఒక మధ్యాహ్నం తొందరగా వెళ్ళాను. మిషను ఆగిపోయి ఉంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. హాలంతా పడమటెండ. బాబాయి దుప్పటి లేకుండా బనీనుతో కూర్చున్నాడు. పిన్ని నుదుటి మీద చెమట ధారలు. ఒళ్ళో చంటిది ఆడుకుంటోంది.

గుమ్మంలోంచే అడిగాను. "పాడైందా?"

"ఏం పాడవలేదు. నేనే ఆపాను."

"ఇంత ఉక్కలోనా? ఎందుకు?"

"ఊరికే. ఆపమని ఎవరూ చెప్పలేదుగా, అందుకు."

"రెండుసార్లు అడిగాను, పెట్టవే అని," అన్నాడు బాబాయి నా వైపు తిరిగి. "నలుగురితో నారాయణే నయం!"

చంటిదాని మెడ కింద తడిమాను. తడి. "చెమట పడుతోంది పిన్నీ."

"నాకూ పడుతోంది. ఇదిగో, పెడుతున్నా," అని ఒళ్ళోంచి రిమోటు తీసింది. వెంటనే నొక్కలేదు. నా మొహం చూసింది, బాబాయి మొహం చూసింది, అప్పుడు నొక్కింది.

బాల్కనీలో పెట్టె దగ్గి, వణికి, దడదడ మొదలెట్టింది. నేను సంచిలో థర్మామీటరు వెతుక్కుంటున్నాను. చల్లగాలి ఇంకా రాలేదు.