స్నానాల మేస్త్రి

తాను కట్టిన ప్రతి ఇంట్లో మొదటి స్నానం తానే చేయాలి. మేస్త్రిగారికున్న పిచ్చి ఇదొక్కటే, కానీ పదిమందికి పంచినా మిగిలేంత పిచ్చి. తాపీ పట్టి పని మొదలుపెట్టి, వీధులకు వీధులే కట్టేంతవారయ్యాక కూడా, తాళాలిచ్చే రోజు భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె ఉండాల్సిందే. అందరూ నవ్వుకునేవారు. తడి తువ్వాళ్ళు ఆరేసే ఆయన భార్యకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

"పొద్దున ఇంట్లో చేశారు కదండీ స్నానం?"

"అది ఒంటికే. ఇది ఇంటికి."

ఒకసారి ఓ డాక్టరుగారు కొత్తింట్లో అడుగుపెట్టేసరికి లోపలి నుంచి కూనిరాగం వినిపించింది.

"ఎవరది?"

"నేనేనండీ, మేస్త్రిని. కాస్త ఆగండి, వీపు మిగిలింది."

"మా ఇంట్లో మీ స్నానమేమిటండీ?"

"మూల నీళ్ళు నిలుస్తున్నాయి. ఇది ఇంకా మీ ఇల్లు కాలేదు."

నేలంతా తవ్వించి, మళ్ళీ వేయించి, మళ్ళీ స్నానం చేశారు. ఖర్చు ఆయనదే, సబ్బు కూడా ఆయనదే. స్నానాలగది కాస్త చిన్నదైనా ఫరవాలేదని ఎవరైనా అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేవారు.

ఆసుపత్రి పక్కన, రోగులూ వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ తల దాచుకోవడానికి ఊరంతా కలిసి ఒక వసతిగృహం తలపెట్టింది. మేస్త్రిగారు పైసా లాభం తీసుకోకుండా కట్టారు. ప్రారంభం వారంలోకి వచ్చింది. కమిటీ అంతా చూడ్డానికి వచ్చిన రోజున, ఆయన తల తుడుచుకుంటూ స్నానాలగదిలోంచి బయటికొచ్చి, "తప్పు చేశాను. ఈ గోడ కొట్టేయాలి. ఇద్దరు పట్టడం లేదు," అన్నారు.

కమిటీ ప్రెసిడెంటు బట్టల వ్యాపారి. "స్నానాలగదిలో ఇద్దరేమిటయ్యా, సిగ్గులేకుండా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. గోడ జరిపితే ముందు హాలు సగమవుతుంది. అక్కడే ప్రెసిడెంటు పేరు చెక్కిన పాలరాయి ఉంది. ససేమిరా కుదరదన్నాడు.

మేస్త్రిగారు ఓ కుర్చీ తెచ్చి లోపల వేశారు.

"కూర్చోండి. మీరు మంచం పట్టిన తండ్రి. నేను మీ కొడుకుని."

"వేషాలా?"

"రెండు నిమిషాలు నాన్నా!"

కూర్చోక తప్పలేదు. మేస్త్రిగారు చెంబెత్తితే మోచెయ్యి కుళాయికి తగిలింది. వంగితే వెనకభాగం తలుపును బయటికి నెట్టింది. నీళ్ళు ఇస్త్రీ చొక్కా మీదుగా కారాయి.

"తలుపు వేయవయ్యా, అందరూ చూస్తున్నారు!"

"పడదండీ. పడాలంటే మనిద్దరిలో ఒకరు బయటుండాలి."

తువ్వాలు అందించడానికొచ్చి, ఈసారి తానూ నవ్వుతున్న భార్య నవ్వు చప్పున ఆగిపోయింది. తలుపు వేయమని తన తల్లి కూడా ఇలాగే అనేది. తుంటి విరిగి అద్దెగదిలో పడి ఉన్నప్పుడు, కూతురు స్నానం చేయిస్తుంటే, "తలుపు వేయవే," అని బతిమాలేది. తలుపు పడేది కాదు. అప్పటికి కూలీగా ఉన్న అల్లుడు గుమ్మంలో అటు తిరిగి, రెండు చేతులా దుప్పటి పరిచి పట్టుకుని, స్నానం అయ్యేదాకా నిలబడేవాడు. ఆయన అదెప్పుడో మరిచిపోయారనుకుంది. ఇన్నాళ్ళూ ఆరేసిన తువ్వాళ్ళన్నింటికీ ఆమెకు ఇప్పుడు అర్థం తెలిసింది. మొగుడి మీద కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ప్రెసిడెంటు ముఖం తుడుచుకున్నాడు. "ఎందాకా జరపాలి?"

"మీ పాలరాయి దాకా."

ప్రెసిడెంటు తడిసిన చొక్కా పిండుకుంటూ, "సరే, రాయి ఇంకెక్కడైనా పెట్టు. ఈ గదిలో మాత్రం వద్దు," అన్నాడు.

ప్రారంభం నెల ఆలస్యమైంది. ఆ రోజు వేదిక మీద మేస్త్రిగారిని పొగుడుతుంటే, ఆయన వెనక వరండాలో ఉన్నారు. భార్య వెతుక్కుంటూ వచ్చింది. మూసిన స్నానాలగది తలుపు వెనక, అప్పుడే దిగిన ఎవరో తండ్రీకొడుకులు.

"ఒరే, కళ్ళల్లో సబ్బు పోసేశావు కదరా!"

"కదలకు నాన్నా!"

"పరాయివాళ్ళ మాటలు చాటుగా వినడమేమిటండీ, తప్పు కాదూ?" అంది భార్య.

"మాటలెవరికి కావాలే? గడియ పడింది, అది విన్నాను," అన్నారాయన. లోపల సబ్బు తగువు ఇంకా తెగలేదు.